హైదరాబాద్ అర్ధశుష్క మండలమా కాదా? ఒక్కో మ్యాప్ ఒక్కో రంగు చూపిస్తోంది

నాగోల్_గల్లీ
రెండు ప్రపంచ వాతావరణ మ్యాపులు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నా. ఒకదాంట్లో హైదరాబాద్ నారింజ రంగు. అంటే బీఎస్‌హెచ్, వేడి అర్ధశుష్క మండలం. ఇంకోదాంట్లో లేత నీలం. అంటే ఏడబ్ల్యూ, సవన్నా. రెండింటి కిందా కొప్పెన్ పద్ధతి (వాన, ఉష్ణోగ్రతల లెక్కతో ప్రాంతాలని విభజించేది) అనే రాసుంది. ఏది నమ్మాలి?
అసలు 'శుష్కం' అన్న మాటే నాకు ఎక్కట్లేదు. మనకి ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన. లండన్‌కి 600 చుట్టూ. వాళ్లది తేమ దేశం, మనది ఎండు దేశమా? 2020 అక్టోబర్‌లో కాలనీల్లో పడవలు తిరిగిన ఊరిని పట్టుకుని అర్ధశుష్కం అంటే నవ్వు రాదూ? ఊరికే అడగడం లేదు, ఇల్లు కట్టే పని ఉంది. కూలరా ఏసీనా, సంప్ ఎంత, ఇంకుడు గుంత ఎలా, అన్నీ దీంతోనే ముడిపడి ఉన్నాయి.

డెక్కన్_లెక్కలు
రెండు మ్యాపులూ తప్పు కాదు. కాగితం, పెన్సిల్ తీసుకోండి.
కొప్పెన్ లెక్కలో వాన ఒక్కదాన్నే చూసి శుష్కమా కాదా అని తేల్చరు. ఏడాది సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించాలి. వానలో 70 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఏప్రిల్-సెప్టెంబర్ మధ్య పడితే దానికి 280 కలపాలి. 30 నుంచి 70 శాతం అయితే 140. 30 కన్నా తక్కువైతే ఏమీ కలపక్కర్లేదు. వచ్చిందే గీత, మిల్లీమీటర్లలో. వాన ఆ గీతలో సగం కూడా లేకపోతే ఎడారి. సగానికీ గీతకీ మధ్య ఉంటే అర్ధశుష్కం. గీత దాటితే శుష్క వర్గంలోంచి బయటపడ్డట్టే. చివరి 'హెచ్' ఏడాది సగటు 18 డిగ్రీలకు తగ్గని చోట్లకి.
హైదరాబాద్ సగటు సుమారు 26.7. ఇరవైతో గుణిస్తే 534. మన వాన చాలావరకు జూన్-సెప్టెంబర్‌లోనే కాబట్టి 280 కలపండి, గీత 814 దగ్గర పడుతుంది. వాన 800కి కాస్త అటూ ఇటూ. ఏ 30 ఏళ్ల సగటు తీసుకున్నారు, బేగంపేట వాతావరణ కేంద్రం ఒక్కటేనా, చుట్టుపక్కల కేంద్రాలూ కలిపారా, ఇంతమాత్రానికే రంగు మారిపోతుంది. ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగితే గీత 10 మి.మీ. పైకి జరుగుతుంది.
లండన్ సగటు 11 చుట్టూ. 220కి 140 కలిపితే 360. పడేది 600. అందుకే అది తేమ దేశం.

ఉప్పల్_ఎండ
అయితే మనది గోడ మీద పిల్లి.

చాయ్_బిస్కట్
మే నెలల నారింజ దిక్కు, ఆగస్టుల నీలం దిక్కు దుంకుతది.

నాగోల్_గల్లీ
280 ఎందుకు? ఎప్పుడు పడ్డా వాన వానే కదా.

డెక్కన్_లెక్కలు
వేడి నెలల్లో పడ్డ వాన చాలావరకు నేలలోకి దిగకముందే ఆవిరైపోతుంది. చలికాలంలో పడ్డది నిలుస్తుంది. అందుకే వేసవి వాన ఊళ్లకి గీత ఎత్తు పెట్టారు. స్పెయిన్‌లో ముర్సియాకి 300 మి.మీ. చుట్టూ పడుతుంది, వేసవిలో దాదాపు ఏమీ ఉండదు. నైజర్ రాజధాని నియామేకి 540 చుట్టూ, అదంతా వేసవి వానే. రెండూ బీఎస్‌హెచ్ కిందికే వస్తాయి. ముర్సియా వాననే నియామేలో కురిపిస్తే అది ఎడారి లెక్కలోకి పోతుంది.

పటాన్‌చెరు_పొలం
లెక్క బాగుంది గానీ ఆ 814 గీత పట్టుకుని ఇల్లూ పంటా ప్లాన్ చేస్తే దెబ్బతింటారు. కొప్పెన్ తన మొదటి పటం వేసింది 1884లో, ప్రపంచమంతా ఒకే కాగితం మీద చూపడానికి. సేద్యం చూసేవాళ్లు నెలనెలా జమాఖర్చు రాస్తారు: పడిన వాన ఎంత, ఆ ఎండకీ గాలికీ నేల నుంచీ మొక్క నుంచీ పోగలిగిన నీరు ఎంత. ఈ రెండోదాన్నే పీఈటీ అంటారు.
హైదరాబాద్‌కి అది ఏడాదికి 1700 మి.మీ. పైమాటే. ఆదాయం 800, ఖర్చు 1700. నిష్పత్తి 0.47. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కలో 0.2 నుంచి 0.5 దాకా అర్ధశుష్కం. ఇక్కడ గోడా లేదు పిల్లీ లేదు. పీఈటీని మించి వాన పడే నెలలు జులై, ఆగస్టు, సెప్టెంబర్, అంతే. తడి నెలలు రెండు నుంచి నాలుగున్నర దాకా ఉంటే పొడి రకం అర్ధశుష్క ఉష్ణమండలం అని ట్రోల్ అనే జర్మన్ శాస్త్రవేత్త విభజన. ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ 1972లో పటాన్‌చెరుకి ఊరికే రాలేదు, దాని పేరులోనే 'అర్ధశుష్క ఉష్ణమండలం' ఉంది. చెల్క (ఎర్రనేల), రేగడి (నల్లనేల) రెండూ ఒకే ఆవరణలో దొరికిన చోటు అది.

మిద్దెతోట
ఈ పీఈటీని కొలిచేదెలా? యాప్‌లో వచ్చే అంకెనా?

పటాన్‌చెరు_పొలం
యాప్‌లో వచ్చేది సూత్రంతో కట్టిన అంకె. దగ్గరి అంచనాకి కంటితో చూసే వస్తువొకటి ఉంది, ఆవిరి తొట్టి. నాలుగడుగుల వెడల్పు గుండ్రటి తొట్టి, లోతు పావు మీటరు, కింద చెక్క దిమ్మెలు, పైన తీగ జాలీ. పొద్దున 8:30కి నీటి మట్టం చదువుతారు, తగ్గినంత పోసి గుర్తు దగ్గరికి తెస్తారు. జాలీ లేకపోతే కాకులూ కుక్కలూ తాగిన నీళ్లు కూడా ఎండ ఖాతాలో పడతాయి.
మే నెలలో రోజుకి 10 మి.మీ. పైనే తగ్గుతుంది. అంటే చదరపు మీటరుకి 10 లీటర్లు. ఎకరం కుంట ఉంటే 4,047 చదరపు మీటర్లు, రోజుకి 40 వేల లీటర్లు గాల్లో కలిసినట్టు.

చాయ్_బిస్కట్
పది వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. రోజూ. ఎవ్వరికీ బుకింగ్ లేకుండ.

చెరువు_మత్తడి
నలభై వేలు ఎక్కువ చెప్పారు. తొట్టి లోహం, పక్కల నుంచి కూడా వేడెక్కుతుంది. చెరువు అంత వేడెక్కదు. తొట్టి అంకెని 0.7తో గుణించాలి. 28 వేల లీటర్లు. ట్యాంకర్లు మూడు అనుకోండి.

పటాన్‌చెరు_పొలం
నిజమే, గుణకం వదిలేశా. 28 వేలే.

కార్తెల_తాత
మీరు జర్మనీ దాకా పోయారు గానీ ఈ లెక్క మన కార్తెల్లోనే ఉంది. రోహిణిలో రోళ్లు పగులుతాయి. మృగశిరతో చల్లబడుతుంది. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అంటే సెప్టెంబర్ మధ్యలో ఉత్తర కార్తె దాకా చూసి, వాన రాకపోతే ఊరొదిలి పొమ్మని. తడి నెలలు మూడే అన్న సంగతి ఆ సామెత కట్టినవాడికి తెలుసు.

ఉప్పల్_ఎండ
మృగశిర రోజు నాంపల్లిలో చేప మందు లైన్‌లో నిలబడితే కార్తె చల్లబడిందో లేదో తెలిసిపోతుంది తాతా.

అనంత_చెనిక్కాయ
మీ 800 చూస్తే మాకు నవ్వొస్తాది సామీ. అనంతపురానికి 550. అరేబియా వైపు మేఘం పడమటి కనుమల అవతలే దించుకుంటాది, మాకు వచ్చేది ఖాళీ గాలి. సెప్టెంబరు అక్టోబరులో పడేదే మాకు వాన. గీతకి 280 కలిపినా 140 కలిపినా మా రంగు మారేదే లేదు.
ఇంకో మాట. మొత్తం ఎంత పడిందనేది కాదప్పా ముఖ్యం, మధ్యలో ఎన్నాళ్లు ఆగిందనేది. చెనిక్కాయ (వేరుశనగ) ఊడలు, అంటే కాయ కట్టను మట్టిలోకి పోయే కాడలు, దిగే వేళకి మూడు వారాలు వాన లేకపోతే ఎర్రనేల పైపొర గట్టిపడి ఊడ దిగదు. ఆ తర్వాత కుంభవృష్టి పడినా చెట్టు పచ్చగా ఉంటాది, కాయ ఉండదు. రికార్డులో మాత్రం 'సాధారణ వర్షపాతం'. అందుకే 3.6 మీటర్లకొక గొడ్డు చాలు (విత్తనం వేయని చాలు) తీసి పెడతారు, పడిన వాన చేను దాటకుండా. వాలుకు అడ్డంగా తీయల్ల. వాలు వెంబడి తీస్తే అదే కాలువై మట్టిని కూడా తీసుకుపోతాది.

పటాన్‌చెరు_పొలం
@అనంత_చెనిక్కాయ ఊడల మాట నూటికి నూరు పాళ్లు. దీనికి నేల కూడా కలపాలి. లోతైన రేగడి 200 మి.మీ. పైన నీళ్లు పట్టి ఉంచుతుంది, వానలు పోయాక ఆ తేమ మీదే రబీ జొన్న పండుతుంది. చెల్క 100 పట్టడం కష్టం. ఒకే వాన, ఒకే ఎండ, కంచె అవతల వేరే వాతావరణం అన్నట్టు. కొప్పెన్ మ్యాప్‌లో ఇది కనపడదు.

నాగోల్_గల్లీ
సరే, శుష్కం అన్నది ఒప్పుకున్నా. కానీ మునగడం సంగతేంటి? తక్కువ వాన ఊరు మునగకూడదు కదా.

చెరువు_మత్తడి
తిరగేసి ఆలోచించండి. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. పడితే 'వాన రోజు'. మనకి అలాంటివి ఏడాదికి 50 చుట్టూ. 800ని 50తో భాగిస్తే రోజుకి 16. లండన్‌లో 600 వాన వందకు పైగా రోజుల్లో సర్దుకుంటుంది, రోజుకి 5-6. ఇది సగటు మాత్రమే. బేగంపేటలో 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 241.5 మి.మీ. పడింది. ఏడాది వానలో దాదాపు 30 శాతం. అర్ధశుష్క ప్రాంతాల లక్షణమే ఇది. మే నెల వేడికి లేచే ఉరుముల మబ్బులు, బంగాళాఖాతం వాయుగుండాలు, రెండూ ఇచ్చేటప్పుడు కొలత చూడవు.
పైగా ఇక్కడి ఎర్రనేల మీద గట్టి చినుకు పడితే పైమట్టి మెత్తగా పేరుకుని అట్ట కడుతుంది. కింద గ్రానైట్. సిమెంటు రోడ్డు లేని రోజుల్లో కూడా నీళ్లు నిలవకుండా పరిగెత్తేవి. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద చూడండి, అప్పుడు అపార్ట్‌మెంట్లు లేవు. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదని ఆపడానికీ, తాగునీటికీ, రెండు పనులకీ ఒకే కట్ట. ఎండు ఊరికి వరద కట్ట ఎందుకని అప్పుడెవరూ అడగలేదు.

సైదాబాద్_స్లాబ్
అప్పుడు అడగకపోవడం కాదు, ఇప్పుడు కట్టల కింద ఇళ్లు కట్టి అడుగుతున్నారు.

చాయ్_బిస్కట్
చర్చ దారి తప్పుతుంది. అన్న కూలర్ సంగతి అడిగిండు, ఎవ్వరు చెప్పలే.

కూలర్_బాగుచేత
కూలర్ పనిచేస్తుందా లేదా అన్నది ఎండ చెప్పదు, తడి బల్బు చెబుతుంది. ఒకే రకం థర్మామీటర్లు రెండు తీసుకోండి. ఒకదాని బుడ్డికి పలచని నూలు గుడ్డ చుట్టి తడిపి, రెండింటినీ ఫ్యాన్ గాలికి అయిదు నిమిషాలు పెట్టండి. తడిగుడ్డ ఉన్నది చూపేదే తడి బల్బు. రెండింటి తేడాలో 80 శాతం దాకా తేనెపట్టు ప్యాడ్ కూలర్ తగ్గిస్తుంది. పాత గడ్డి ప్యాడ్ అయితే అంతకన్నా తక్కువ.
మే మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 25 శాతం: తడి బల్బు 24.4 చుట్టూ. తేడా 15.6, అందులో 80 శాతం పన్నెండున్నర. కూలర్ ముఖం దగ్గర 27.5. ఏసీతో పనే లేదు.
జులై, 32 డిగ్రీలు, తేమ 75 శాతం: తడి బల్బు 28.3. తగ్గేది మూడే డిగ్రీలు, వచ్చే గాలి 29, అదీ జిగటగా. ఆ నెలల్లో పంపు ఆపి ఉత్త ఫ్యాన్‌లా వాడుకోండి.
తేడా 10 డిగ్రీలు దాటితే కూలర్ రాజు. 5 కన్నా తక్కువైతే పక్కన పెట్టేయండి. హైదరాబాద్‌లో మార్చి నుంచి మృగశిర దాకా కూలర్ కాలమే.

మిద్దెతోట
మార్చిలో చల్లగా ఇచ్చిన కూలరే మేలో ఉక్కపోత పుట్టిస్తోందని చాలామంది అంటారు. అదెందుకు?

కూలర్_బాగుచేత
పదింట్లో ఎనిమిది కేసులు కిటికీ మూసుకోవడమే. ఏసీ అలవాటుతో తలుపులు బిగిస్తారు. కూలర్ తడి గాలిని లోపలికి తోస్తూ ఉంటుంది, పాత గాలి పోవడానికి ఎదురుగా దారి లేకపోతే అరగంటలో గది నీటి ఆవిరితో నిండిపోతుంది. కూలర్ కిటికీ బయట ఉండాలి, ఎదురు వైపు కిటికీ సగమైనా తెరిచి ఉండాలి.
రెండోది ఉప్పు. బోరు నీళ్లలో ఉప్పులు ఆవిరి కావు, నీళ్లే అవుతాయి. 50 లీటర్ల ట్యాంకులో ఇంకో 100 లీటర్లు పోసి ఆవిరి చేశారంటే మిగిలిన నీళ్లలో ఉప్పు మూడింతలు. ప్యాడ్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది, గాలి దూరదు, పంపు జాలీ మూసుకుపోతుంది. మూడు రోజులకొకసారి అడుగు బిరడా తీసి మొత్తం వదిలేయండి. పెచ్చు కట్టిన ప్యాడ్‌ని సగం నీళ్లు సగం వెనిగర్‌లో గంట నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమండి. యాసిడ్ మాత్రం పోయకండి, ప్యాడ్ జిగురు ఊడిపోతుంది. వదిలిన నీళ్లు మొక్కలకి వద్దు, ఉప్పు మట్టిలో చేరుతుంది.
జూన్‌లో ఆపేటప్పుడు ట్యాంకు పూర్తిగా ఎండబెట్టాలి. లేకపోతే డెంగీ దోమకి సొంతిల్లు కట్టిచ్చినట్టే.

ఉప్పల్_ఎండ
గంటకి ఎన్ని లీటర్లు తాగుతుంది?

కూలర్_బాగుచేత
పెద్దది అయితే మే మధ్యాహ్నం 8 నుంచి 10. ఆగస్టులో దాంట్లో మూడో వంతు కూడా తాగదు. నీళ్లు తగ్గకపోతే చల్లదనమూ లేనట్టే.

సైదాబాద్_స్లాబ్
నాగోల్ అన్నా, కూలర్ కన్నా ముందు స్లాబ్ చూసుకో. ఆరంగుళాల కాంక్రీటులో వేడి పైనుంచి కిందికి దిగడానికి నాలుగు గంటల దాకా పడుతుంది. రెండింటికి ఎక్కిన ఎండ సాయంత్రం ఆరింటికి నెత్తి మీద దిగుతుంది. బయట గాలి చల్లబడినా పడగ్గదిలో పొయ్యి మీద ఉన్నట్టుండేది అందుకే.
పాత సిమెంటు స్లాబ్ ఎండలో పావు వంతు, మహా అయితే 30 శాతం వెనక్కి కొడుతుంది. కొత్త తెల్ల పూత 80 దాకా. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఖరీదు పెయింటు లేకపోయినా సున్నం చాలు.
సున్నపురాళ్లని రాత్రంతా నీళ్లలో మగ్గబెట్టు. రేకు డ్రమ్ములోనే. నీళ్లు తగలగానే కుతకుత ఉడుకుతుంది, ప్లాస్టిక్ బకెట్ వంగిపోతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. పొద్దున గుడ్డలో వడగట్టి, పాల చిక్కదనానికి నీళ్లు కలిపి, జిగురు వెయ్యి. స్లాబ్ కడిగి, ఇంకా తడిగా ఉండగానే సాయంత్రం మొదటి పూత. మర్నాడు సాయంత్రం దానికి అడ్డంగా రెండోది. చిక్కగా ఒకే పూత వేస్తే పెచ్చులు లేస్తుంది. మిట్టమధ్యాహ్నం వేస్తే నీళ్లు గుంజుకుపోయి పొడిలా రాలుతుంది, చేత్తో తుడిస్తే తెల్లగా అంటుతుంది. వానకాలం పోయేసరికి సగం కొట్టుకుపోతుంది, ఏటా మార్చిలో మళ్లీ వేయాలి.

మిద్దెతోట
సున్నం కన్నా మిద్దె మీద తోట పెట్టుకోవడం నయం కదా. నీడా, కూరగాయలూ.

సైదాబాద్_స్లాబ్
నీళ్లు ఎవరు పోస్తారు మేడం? పై లెక్క చూశారుగా, మేలో రోజుకి చదరపు మీటరుకి 10 లీటర్లు పోయే ఊరిది.

మిద్దెతోట
అది బహిరంగ నీటి తొట్టి లెక్క. 50 శాతం నీడ వల కింద, కుండీ మట్టి మీద రెండంగుళాల ఎండుటాకులు పరిస్తే అందులో సగం కూడా పోదు. ఎండిపోయేవి ఎక్కువగా నల్ల ప్లాస్టిక్ కుండీల్లోవే. పడమటి ఎండకి కుండీ గోడ కాలి వేర్లు చస్తాయి. జనం నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. గోనె సంచి చుట్టండి.

వేపనీడ
తోట సరే, దయచేసి లాన్ మాత్రం వేయకండి. రోజుకి 5 మి.మీ. అనుకున్నా 100 చదరపు మీటర్ల గడ్డికి 500 లీటర్లు. ఇంచుమించు నలుగురున్న ఇంటి వాడకం. పడమర వైపు వేపో కానుగో పెట్టి రెండేళ్లు కాపాడితే తర్వాత దాని నీళ్లు అదే వెతుక్కుంటుంది. సీతాఫలం, తంగేడు అయితే ఈ రాళ్లలోనే పుట్టి పెరిగినవి.

డెక్కన్_లెక్కలు
ఇంకోటి మర్చిపోతున్నారు, రాత్రి. మార్చిలో పగలు 35, రాత్రి 20. పదిహేను డిగ్రీల తేడా. ఆగస్టులో 30, 22, తేడా ఎనిమిదే. గాలిలో తేమ, మబ్బు తక్కువ కాబట్టి పొడి నెలల్లో నేల వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లారేదాకా కిటికీలన్నీ తెరిచి, పొద్దున తొమ్మిదికల్లా మూసి తెరలు దించితే పగలు మూడు నాలుగు గంటలు కూలర్ పెట్టే పని తప్పుతుంది. దక్కన్‌లో 540 మీటర్ల ఎత్తున ఉండటం కూడా కలిసొస్తుంది.

ఉప్పల్_ఎండ
దోమలు కూడా కలిసొస్తాయి.

నాగోల్_గల్లీ
కూలర్, స్లాబ్ నోట్ చేసుకున్నా. ఇక సంప్, గుంత. డాబా 100 చదరపు మీటర్లు. మేస్త్రీ 4 అడుగులు పొడవు, 4 వెడల్పు, 4 లోతు తవ్వి నిండా కంకర నింపేస్తే సరిపోతుందంటున్నాడు.

చెరువు_మత్తడి
సరిపోదు. 64 ఘనపుటడుగులు అంటే 1,800 లీటర్లు. నిండా కంకర పోస్తే సందులు 40 శాతం, మిగిలింది 720 లీటర్లు. గంటలో 50 మి.మీ. వాన మనకి కొత్తేం కాదు, మీ డాబా మీద అది 5,000 లీటర్లు. గుంత పది నిమిషాల్లో నిండి మిగతాది వీధిలోకే. లండన్ వానకైతే ఆ గుంత చాలు.
సిమెంటు రింగులు దించి లోపల ఖాళీగా ఉంచండి, రింగులకి పక్కన రంధ్రాలుండాలి. అడుగున మాత్రం అడుగు మందం 40 మి.మీ. కంకర. పైన మనిషి దిగేంత మూత, తాళంతో.

ఇంకుడు_మేస్త్రీ
నేను ఒప్పుకోను. ఖాళీ గుంతలోకి మట్టి నీళ్లు నేరుగా పోతే రెండేళ్లలో అడుగు బురద పట్టి ఇంకడం ఆగిపోతుంది. 40 మి.మీ. రాయి, దానిపైన 20 మి.మీ., ఆపైన దొడ్డిసుక, మీద పావు వంతు ఖాళీ. ఇసుక పొర ఏటా తీసి కడిగేది. అది వడపోత. తీసేస్తే ఎట్లా?

చెరువు_మత్తడి
వడపోత కావాలి, గుంతలో వద్దు. గుంతకి ముందు రెండడుగుల చిన్న తొట్టి కట్టి మీరు చెప్పిన పొరలే అందులో వేయండి. శుభ్రం చేయడానికి చెయ్యి అందుతుంది. గుంతలో ఉన్న ఇసుకని ఏటా తీసి కడిగే ఇల్లు చూపించండి.

ఇంకుడు_మేస్త్రీ
అది నిజమే, ఎవరూ కడగరు. డాబా నీళ్లకి రింగులు ఒప్పుకుంటా. రోడ్డు నీళ్లు వచ్చే గుంతకి మాత్రం కంకరే. సెప్టిక్ ట్యాంకుకి పది మీటర్లు దూరం, పునాదికి ఆనకుండా. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచీ ఉంది, చాలా గుంతలు కాగితం మీదే ఉన్నాయి.

చాయ్_బిస్కట్
కాగితం మస్తు ఇంకుతది.

డెక్కన్_లెక్కలు
సంప్ లెక్క: 100 చదరపు మీటర్లు, 800 మి.మీ., పోయేది పోగా 80 శాతం. ఏడాదికి 64 వేల లీటర్లు. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున నలుగురికి 540. అంటే 118 రోజులు. ఏడాదిలో మూడో వంతు. కానీ నవంబర్ నుంచి మే దాకా ఎండు నెలలకి లక్ష లీటర్ల పైనే కావాలి, వచ్చేదే 64 వేలు. అదంతా దాచే ట్యాంకు కట్టడం పిచ్చి ఖర్చు. మామూలు వాన రోజుకి 1,300 లీటర్లు వస్తాయి, గట్టి వానకి 4,000. ఎనిమిది వేల సంప్ పెట్టి, నిండాక పొంగేది గుంతకి కలపండి.

చెరువు_మత్తడి
బోరుకి కూడా అదే మేలు. ఇక్కడ నీళ్లు నిలిచేది పైనున్న మొరం పొరలోనే, దాని కింద రాయి పగుళ్లే. వెయ్యి అడుగులు వేసినా పగులు తగలకపోతే పొడి దుమ్మే వస్తుంది. పై పొరని నింపుకోవడం తప్ప దారి లేదు.

సైదాబాద్_స్లాబ్
సున్నం వేసిన డాబా అయితే మొదటి రెండు మూడు వానలు సంప్‌లోకి వదలొద్దు.

ఇంకుడు_మేస్త్రీ
సున్నం లేకపోయినా ప్రతి ఎండు విరామం తర్వాత మొదటి 2 మి.మీ. బయటికి పోవాల్సిందే. ఆర్నెల్ల దుమ్ము, పావురాల రెట్టలు. మీ డాబాకి అది 200 లీటర్లు. కొందరు నాలుగంగుళాల పైపు నిలబెట్టి మొదటి వాన మళ్లింపు అంటారు, ఆ పైపు మీటరుకి 8 లీటర్లే పడుతుంది. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అడుగున సన్న కుళాయి సగం తెరిచి ఉంచండి, వాన ఆగాక దానంతటదే ఖాళీ అవుతుంది.

నాగోల్_గల్లీ
డాబా మీద పైపు మూతికి జాలీ ఏ సైజు? పక్కింటి వేపచెట్టు సగం మా డాబా మీదే ఉంటుంది.

ఇంకుడు_మేస్త్రీ
దోమతెర మాత్రం పెట్టొద్దు, మొదటి వానకే మూసుకుపోయి డాబా చెరువవుతుంది. అర అంగుళం కన్నాల జాలీ, బుట్టలాగ పైకి ఉబ్బెత్తుగా. బల్లపరుపుగా పెడితే ఒక్క ఆకు చాలు.

వేపనీడ
వేపపండ్లు రాలడం మొదలయ్యేది జూన్‌లో, సరిగ్గా వానలప్పుడే. గింజ అర అంగుళం జాలీలోంచి దూరుతుంది. బుట్ట లోపల ఇంకో సన్న జాలీ వదులుగా పెట్టుకోండి, చేత్తో తీసి దులిపేలా.

నాగోల్_గల్లీ
రెండు జాలీలు, డ్రమ్ము, రింగులు. రేపు మేస్త్రీకి చెబితే లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తాడు.